పోలవరం నుండి పోలవరానికి

గోదావరి ఒడ్డున పోలవరాలు రెండున్నవి. ఒకటి మాది. గౌతమికీ వృద్ధగౌతమికీ నడుమ, సముద్రపు గాలి తగిలే దూరంలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఐ. పోలవరం. పేరుకు ముందున్న ఆ ఒక్క అక్షరం దీవి అనే అర్థమిచ్చే ఐలాండు అన్న ఇంగ్లీషు మాటకు గుర్తు అని మా పెద్దలు చెబుతారు. రెండవ పోలవరం రాజమహేంద్రవరానికి ఎగువన, నది కొండలను విడిచి మైదానంలో అడుగుపెట్టే చోట ఉన్నది. గోదావరి మైదానపు నడక ఆ పోలవరం దగ్గర మొదలై మా పోలవరం దగ్గర ముగియవస్తుందని చెప్పవచ్చును.

మా లంకసీమలో గండి అన్నమాట వింటేనే గుండె ఝల్లుమంటుంది. ఏటిగట్టు తెగి వరద ఊరిమీద పడడమే మాకు తెలిసిన గండి. 1986 ఆగస్టు నాటి వరదను చూచినవారి ఇండ్లలో ఆ మాటను ఈనాటికీ ఎవరూ తేలికగా పలుకరు. కాని ఎగువ పోలవరం దాటితే అదే మాటకు ఇంకొక అర్థమున్నది. కొండల వరుసను చీల్చుకొని నది చేసికొన్న తోవను అక్కడ గండి అంటారు. ఆ తోవ మొగదల వెలసిన అమ్మవారు గండిపోచమ్మ. రాయలసీమలో పెన్న ఎర్రమల కొండలను కోసికొని పోయే చోట కట్టిన కోటకు గండికోట అని పేరు వచ్చినదీ ఈ అర్థంలోనే. దిగువవారికి భయమైన మాట ఎగువవారికి ద్వారమైనది.

ఆ ద్వారాన్ని పిల్లలకు చూపవలెనని మా ఇంట చాలా కాలంగా అనుకొంటున్నాము. గత కార్తీకంలో ఆ కోరిక తీరినది. ఆ ప్రయాణంలో మేము తెలిసికొన్నవీ, ఎవరైనా పిల్లాపాపలతో బయలుదేరేముందే తెలిసికొనవలసినవీ ఇక్కడ చెప్పదలచినాము.

ప్రయాణం మాట ఎత్తగానే మామ్మ వద్దన్నది. ఆమె భయం కారణం లేనిది కాదు. 2018 జూలై 14న మా మండలంలోని పశువుల్లంక వద్ద, బడి నుండి ఇంటికి మరలుతున్న పిల్లలను ఎక్కించుకొన్న పడవ, కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడినది. పుస్తకాల సంచులతో పడవ ఎక్కిన ఆడపిల్లలు కొందరు ఇల్లు చేరలేదు. రేవు దాటడమంటే మాకు వీధి దాటడం వంటిది. అటువంటి చోటనే అది జరిగినది. “ఇంటిముందు ఏరే ఇటువంటిదైతే, కొండల్లో ఏరు ఎటువంటిదో” అన్నది మామ్మ. చివరకు ఒక ఒప్పందం కుదిరినది. మామ్మ కూడ మాతో వస్తుంది. పడవ విషయంలో ఆమె వద్దంటే అక్కడినుండే వెనుకకు మరలవలెను.

మొదట తేల్చుకొనవలసినది కాలం. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ఆ నీటికి ఎదురీదుతూ సముద్రం నుండి పులస చేప వస్తుంది. మా సీమకు అది పండుగ. కాని పులసకు మంచి కాలం పడవకు మంచి కాలం కాదు. జూన్ చివరినుండి అక్టోబరు వరకు ఎగువన ఏ వాన కురిసినా ఆ నీరంతా ఈ గండిలోనికే రావలెను. దసరా సెలవులు సాధారణంగా ఆ గడువులోపలే పడతవి. వేసవి సెలవులు దీర్ఘమైనవేగాని, వైశాఖ జ్యేష్ఠాలలో సాయంకాలాలు హఠాత్తుగా గాలివానలు లేస్తవి. కొండల నడుమ ఇరుకులో ఆ గాలికి బలం హెచ్చు. కనుక కార్తీకం మొదలు మాఘం వరకు తగిన కాలం. వనభోజనాల ఆదివారాలూ, సంక్రాంతి సెలవులూ ఈ మధ్యనే వస్తవి. నీరు తేరి ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది, ఉదయం బయలుదేరితే వెలుగుండగానే తిరిగి రావచ్చును.

మేము యెదుర్లంక వంతెన మీదుగా యానాం చేరి, ద్రాక్షారామం, రామచంద్రపురం దాటి ధవళేశ్వరం పోయినాము. తిన్నగా రాజమహేంద్రవరం పోక బ్యారేజీ మీద పిల్లలను దింపినాము. దానికి కారణమున్నది. గండి ఎంత ఇరుకో తెలియవలెనంటే, ముందు గోదావరి ఎంత వెడల్పో కంట చూడవలెను.

మహారాష్ట్రలో త్ర్యంబకం వద్ద పుట్టిన ఈ నది 1465 కిలోమీటర్లు నడుస్తుంది. భారతదేశపు నేలలో దాదాపు పదవవంతు మీద కురిసిన వాన దీనిలోనికే దిగుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, చిట్టచివర కూనవరం వద్ద శబరి, అన్నీ వచ్చి కలిసిన తరువాత ఆ నీరంతా ధవళేశ్వరం చేరుతుంది. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలిడిన ఆనకట్ట 1852 నాటికి నిలిచినది. దానికి బదులుగా తరువాత కట్టిన బ్యారేజీకి 175 తలుపులున్నవి. రాజమహేంద్రవరం వద్ద రోడ్డు రైలు వంతెన నాలుగు కిలోమీటర్లు దాటి ఉన్నది. మా అబ్బాయి తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టి అరవై దగ్గర లెక్క తప్పినాడు. “ఇంత నదీ ఇక్కడికి ఏ దారిన వచ్చినది, నాన్నగారూ?” అని అడిగినాడు. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని ఎడమగట్టు దారిన సీతానగరం మీదుగా ఎగువకు సాగినాము.

పురుషోత్తపట్నం దగ్గర నిలిచి చూస్తే నడిగోదావరిలో పట్టిసం కొండ, దానిమీద వీరభద్రస్వామి ఆలయం కనిపిస్తవి. ఆవలిగట్టున ఎగువ పోలవరం. దాని సమీపాననే నదికి అడ్డంగా పోలవరం ప్రాజెక్టు లేస్తున్నది. 1940ల నాడు మదరాసు ప్రభుత్వపు ఇంజనీర్లు రామపాదసాగరమనే పేరుతో తలపెట్టినది ఈ తావుననే. నాడు వారికి ఎదురైన చిక్కు ఒకటి మన విషయానికి దగ్గరిది. ఆనకట్టకు పునాది గట్టిరాతి మీద పడవలెను. ఇక్కడ నదిలో ఆ రాయి రెండువందల అడుగులకు పైబడిన ఇసుక కింద ఉన్నది. అనగా ఒకానొక కాలంలో నది ఇక్కడ అంత లోతుకు కోసికొని పోయినది. ఆపైన తానే తెచ్చిన ఇసుకతో ఆ లోయను నింపుకొన్నది. మన కంటికి కనిపించే గోదావరి కింద మరొక లోయ పూడిపోయి ఉన్నదన్నమాట.

2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదికి మళ్ళించినారు. అందుచేత పూర్వంవలె పట్టిసం నుండి, పోలవరం నుండి లాంచీలు తిన్నగా ఎగువకు పోవు. ప్రాజెక్టుకు పైన, గండిపోచమ్మ ఆలయం ప్రాంతంలోని రేవుల నుండి బయలుదేరుతవి. భద్రాచలం వైపునుండి వచ్చేవారికి పోచవరం రేవున్నది.

రేవులో మొదట మాకు చూపిన లాంచీ చక్కగా రంగులు వేసి ఉన్నది. అందరూ ఎక్కుతున్నారు. మేమూ కాలు పెట్టబోతుండగా పిల్లలకు ఇచ్చిన రక్షణ చొక్కాలు పెద్దవారి కొలతవని గమనించినాము. చిన్నమ్మాయికి తొడిగితే మెడ దాటి చెవులదాకా వచ్చినది. అడగవలెనా మానవలెనా అని మొగమాటపడినాము. వెనుక వరుసలో ఉన్నవారు తొందరపడుతున్నారు. మామ్మకు ఆ మొగమాటం లేదు. “పిల్లది నీళ్ళలో పడితే చొక్కా పైన తేలుతుంది, పిల్ల కిందినుంచి జారిపోతుంది. చిన్న చొక్కాలు లేకపోతే మేము ఎక్కమండీ” అన్నది. ఆ లాంచీలో చిన్నవి లేవు. మేము దిగినాము. రెండవ లాంచీకై గంటకు పైగా ఇసుకలో కూర్చున్నాము. పిల్లలు అలిగినారు. కాని మాకు ఆనాడు తెలిసిన మొదటి పాఠం అదే. నదిమీద సుడిగుండం కంటె మొగమాటం అపాయకరమైనది. సుడిని సరంగు చూచుకొంటాడు. మొగమాటాన్ని మనమే చూచుకొనవలెను.

రక్షణ చొక్కా పని చేసే తీరు పిల్లలకు చెప్పదగినది. మన దేహం బరువు ఇంచుమించు అంతే పరిమాణం గల నీటి బరువుతో సమానం. కనుకనే నీటిలో మనిషి పూర్తిగా మునగడు, పూర్తిగా తేలడు. చొక్కాలోని బెండువంటి పదార్థం కొద్దిపాటి తేలికను చేర్చి ముక్కునూ నోటినీ నీటికి పైన ఉంచుతుంది. కాని పట్టీలు బిగించకపోతే చొక్కా తేలి మనిషి జారతాడు. దానిని మడతపెట్టి కూర్చునే మెత్తగా వాడుకొనేవారికి అది ఉన్నా లేనట్లే. ఇంకొక సంగతి గూడా ఉన్నది. నాలుగువైపులా మూసిన గదిలో కూర్చున్నప్పుడు పడవ తిరగబడితే ఆ చొక్కాయే మనిషిని పైకప్పుకు అదిమిపెడుతుంది. కనుక గాలి ఎంత వీచినా, చినుకులు పడినా, తలుపులూ కిటికీ తెరలూ మూసికొని కూర్చునరాదు.

లాంచీ మీది అంతస్తులో అందరూ గుమికూడరాదని సరంగు మళ్ళీ మళ్ళీ చెప్పినాడు. దానికి కారణం మా పల్లెటూరి పిల్లలకు గడ్డిబండిని గుర్తుచేసి చెప్పినాము. బస్తాలు కింద వేసిన బండి గతుకుల దారిలో కూడ కుదురుగా పోతుంది. అంతే బరువు గడ్డిని ఎత్తుగా పేర్చితే చిన్న గోతికే ఒరిగిపోతుంది. బరువు ఎంత పైకి పోతే నిలకడ అంత తగ్గుతుంది. పడవకూ అదే ధర్మం. “అదిగో, అటు చూడండి” అని ఎవరో అనగానే యాభైమంది ఒక పక్కకు పరుగెత్తితే, ఆ బరువే పడవను ఒరగతోస్తుంది. చూడదగినవి రెండు పక్కలా ఉన్నవి. పోయేటప్పుడు ఒక పక్క చూచి, తిరుగు ప్రయాణంలో రెండవది చూడవచ్చును.

లాంచీ కదిలినది. కాస్సేపటికి కొండలు రెండువైపుల నుండి దగ్గరకు రాసాగినవి. రెండువేల అడుగులు దాటిన శిఖరాలు నీటి అంచునుండే లేస్తవి. వాటి మధ్య నది తలలో తీసిన పాపిడివలె కనిపించడంచేత పాపిడికొండలన్న పేరు వచ్చి, వాడుకలో పాపికొండలైనదని చెబుతారు. కొంత దూరం పోయేసరికి ముందూ వెనుకా దారి మూసికొనిపోయి చెరువులో ఉన్నట్లనిపించినది. ఇంకొక మలుపు తిరిగితే మరల దారి తెరుచుకొన్నది. ధవళేశ్వరం దగ్గర ఆవలిగట్టున మనిషి ఆనవాలు తెలియని గోదావరి, ఇరుకైన చోట్ల కేవలం రెండు మూడువందల మీటర్లకు కుదించుకొనిపోతుంది.

అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికినది. పంటకాలువలో నీరు వెడల్పుగా పారేచోట మెల్లగా పోతుంది. అదే నీరు తూములో దూరితే వడిగా పోతుంది. నీరు తగ్గలేదు, దారి తగ్గినది. గోదావరికి ఈ గండి తూమువంటిది. పక్కలకు జరగడానికి కొండ చోటియ్యదు గనుక నది కిందకు దిగినది. దిగువన మైళ్ళ వెడల్పున పరచుకొనే నీరు ఇక్కడ నిలువున నిలుచున్నది. పైకి అద్దంవలె కనిపించినా అడుగున రాతిగుట్టలూ, మలుపుల వద్ద ముందుకు పొడుచుకొని వచ్చిన కొండకొమ్ములూ ఉన్నవి. వడిగా వచ్చే నీరు కొమ్ముకు తగిలి పక్కకు తిరిగినప్పుడు, దాని చాటున నెమ్మదిగా ఉన్న నీటితో ఒరుసుకొని గిరగిర తిరుగుతుంది. అదే సుడి. మా లంకల్లో గడ వేసి లోతు చూచుకొని పడవ నడిపేవారికి ఈ నీటి స్వభావం కొత్త. అక్కడ గడకు అడుగు అందదు. ఏరు ఒకటే, నీరు వేరు.

నది కొండను ఎట్లా కోసినదని అమ్మాయి అడిగినది. ఉత్త నీరు రాతిని చాలా కొద్దిగానే అరగదీస్తుంది. నీరు మోసికొనివచ్చే ఇసుకా గులకరాళ్ళూ సానరాయివలె పనిచేస్తవి. ఈ తూర్పు కనుమలలో విరివిగా కనిపించే రాతికి ఖొండలైటు అని పేరు. ఒరిస్సా కొండలలో నివసించే ఖోందుల పేరుమీదుగా శాస్త్రజ్ఞులు పెట్టినది. దాదాపు వందకోట్ల సంవత్సరాల క్రిందట భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ రూపుమారిన రాయి అది. దీనికి ఎగువన ప్రాణహిత కలిసే చోటునుండి భద్రాచలం సమీపం వరకు గోదావరి, నేల పగిలి కుంగిన పల్లపుబాటలో నడుస్తుంది. సింగరేణి బొగ్గు దొరికేది ఆ బాటలోనే. ఆ పల్లం దాటినాక తూర్పు కనుమలు అడ్డం వస్తవి. నేల మెల్లమెల్లగా పైకి లేస్తుండగా, నది అంతే ఓర్పుతో తన తోవను కోసికొంటూ పోయినచోట్ల ఇటువంటి గండ్లు ఏర్పడతవి. రాతిలో పగుళ్ళున్నచోట ఆ కోత మరింత సులువు. ఒరిస్సాలో మహానది ఇదే కనుమలను దాటే సత్కోసియా గండి గూడ ఈ కుదురులోనిదే. తూర్పు కనుమలు పడమటి కనుమలవలె ఎడతెగని గోడగా గాక తునకలు తునకలుగా ఉండడానికి ఈ నదులు గూడ ఒక కారణం.

అలా కోసిన కొండల పొడి, ఎగువ నల్లరేగళ్ళ మన్ను, అన్నీ కలిసి ఈ ద్వారం గుండానే దిగువకు వచ్చినవి. వడి తగ్గినచోట నీరు తన బరువును దించుతుంది. ఆ దించిన ఒండ్రే లంకలు. ఆ లంకలే కోనసీమ. “అయితే మన కొబ్బరిచెట్టు కింద ఉన్న మట్టి ఇక్కడినుండి వచ్చినదా?” అన్నాడు అబ్బాయి. ఇక్కడినుండీ, ఇంకా చాలా దూరంనుండీ వచ్చినదని చెప్పినాము. మా పోలవరానికి ఎగువ పోలవరంతో ఉన్న బంధుత్వం పేరులో మాత్రమే కాదు.

దారిలో దేవీపట్నం ఉన్న తావును సరంగు చూపినాడు. జలాశయపు వెనుకనీరు పెరిగి ఊళ్ళు ఖాళీ అయినవి. నీటి పైకి పొడుచుకొనివచ్చిన కట్టడాల భాగాలూ, ఎండి నిలిచిన చెట్లూ చూచి పిల్లలు మాటలాడలేదు. ప్రాజెక్టు నిండుమట్టం 45.72 మీటర్లు. అది నిండేనాటికి ఇండ్లు విడువవలసిన కుటుంబాలు ప్రభుత్వపు లెక్క ప్రకారం లక్షకు మించి ఉన్నవి. వారిలో చాలామంది ఈ కొండల్లో తరతరాలుగా ఉన్న కొండరెడ్లూ కోయలూ. దిగువ పొలాలకు నీరు రావడం మాకు మేలే. ఆ మేలుకు ఎవరి వాకిలి మునిగినదో మా పిల్లలు కళ్ళారా చూడడం గూడ మంచిదే అనుకొన్నాము.

మంటూరు ప్రాంతం వచ్చినది. 2018 మే 15 సాయంకాలం కొండమొదలు నుండి గిరిజనులను తీసికొనివస్తున్న లాంచీ ఈ సమీపాన గాలివానలో చిక్కి మునిగినది. వానజల్లుకు తలుపులు మూసికొన్నందున లోపలివారిలో చాలామంది బయటపడలేకపోయినారు. ఆపైన కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. సెలవునాడు పాపికొండలు చూడవచ్చిన కుటుంబాలతో పోతున్న లాంచీ ఈ మలుపులో బోల్తాపడినది. ఆనాడు నదిలో వరద అయిదు లక్షల క్యూసెక్కుల మేరకు ఉన్నది. అనగా ప్రతి క్షణం కోటీ నలభై లక్షల లీటర్లు ఈ ఇరుకులో పోతున్నవన్నమాట. లాంచీలో 77 మంది ఉండగా 26 మంది ప్రాణాలతో బయటపడినారు. వారిలో చాలామందిని ఒడ్డుకు చేర్చినవారు పడవలు వేసికొని వచ్చిన సమీప గ్రామస్థులే. మునిగిన లాంచీ రెండువందల అడుగులకు మించిన లోతున ఉన్నట్లు సహాయకదళాలు గుర్తించినవి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం, అతని బృందం ఇనుపతాళ్ళతో రోజులతరబడి శ్రమించి అక్టోబరు 22న దానిని పైకి లాగినారు.

పశువుల్లంకతో కలిపి ఒకే నదిమీద పదహారు నెలల కాలంలో మూడు ప్రమాదాలు. ఒకటి గాలివానలో, ఒకటి వరదలో, ఒకటి ఇంటిముందరి రేవులో. కారణాలు వేరైనా వాటి సారం ఒకటే. నీటికి మనపై పగలేదు, పక్షపాతమూ లేదు. దాని ధర్మం దానికున్నది. ఆ ధర్మాన్ని లెక్కచేయనప్పుడు అది మనలను లెక్కచేయదు. కచ్చులూరు తరువాత కొంతకాలం విహారపు పడవలు నిలిచిపోయినవి. 2021లో మరల తిరగనిచ్చినప్పుడు నీటిమట్టం, పడవ యోగ్యత, ఎక్కినవారి లెక్క, రక్షణ చొక్కాలు చూచిన తరువాతనే విడువవలెనన్న కట్టుబాట్లు వచ్చినవి. కట్టుబాటు కాగితంమీద ఉండడం వేరు, రేవులో ఉండడం వేరు. దానిని రేవులో నిలిపేది అధికారి ఒక్కడే కాదు. లెక్కకు మించి ఎక్కబోమని చెప్పగల ప్రయాణికుడు గూడ. కచ్చులూరు మలుపు దాటునప్పుడు మామ్మ చేతులు జోడించినది. లాంచీలో పాటలు ఆపినారు.

పేరంటపల్లి దగ్గర దిగినాము. అక్కడ రామకృష్ణ మునివాటం, శివాలయం, కొండమీదినుండి దిగివచ్చే సెలయేరు ఉన్నవి. కొండరెడ్లు వెదురుతో అల్లిన బుట్టలూ, పూలసజ్జలూ, ఆటవస్తువులూ అమ్మకానికి పెడతారు. బేరమాడబోయిన మమ్ములను మామ్మ వారించినది. ఒక్క సజ్జ అల్లడానికి ఎన్ని వెదురుబద్దలు చీల్చవలెనో ఆమెకు తెలుసును. ఈ అడవి 2008 నుండి పాపికొండల జాతీయ వనం. దీని వైశాల్యం వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటినది. కనుక ఇక్కడ తిన్నదాని కాగితాలూ సీసాలూ విడిచిరావడం ఇంకొకరి పెరట్లో చెత్త పోసి రావడమే.

కాలినడకన సెలయేటి వెంట కొంతదూరం పోయినాము. ఇక్కడ గూడ తెలిసికొనవలసినవి ఉన్నవి. నీటిలో నానిన రాయిమీద పాకుడు కంటికి కనబడదు. అరికాలికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. రాతిమీద కాలు పూర్తిగా ఆనించి, శరీరభారం మెల్లగా మోపి, తరువాతనే రెండవ కాలు ఎత్తవలెను. కొండమీద మబ్బు కమ్మినదని కనబడితే ఇక్కడ చినుకు లేకపోయినా వాగులోనుండి లేచి రావలెను. వాగు వరద మబ్బుతో పాటు రాదు, దాని వెనుక చెప్పకుండా వస్తుంది. ఇసుకతిన్నెల దగ్గర స్నానం ఇంకా మోసకరమైనది. ఒడ్డున మోకాలి లోతు, మూడడుగులు వేస్తే నిలువు లోతు. నది ఇసుకను అడుగునుండి కోసి అంచును మాత్రం అట్లే నిలుపుతుంది. ఈత వచ్చునన్న ధైర్యం ఆ అంచున పనికిరాదు. మా పిల్లలిద్దరూ కాలువలో ఈత నేర్చినవారే. అయినా చెంబుతో నీళ్ళు పోసికోవడంతోనే తృప్తిపడవలసి వచ్చినది. మొదట ముఖాలు చిన్నబుచ్చుకొన్నా, చెంబుకోసం వంతులు వేసికొని ఆడుకొనడంలో ఆ సంగతి మరచిపోయినారు.

తిరుగుదారిలో ఎండ కొండల వెనుకకు జారినది. నీటి రంగు పచ్చదనం నుండి నలుపుకు మారినది. అమ్మాయి మామ్మ ఒడిలో నిద్రపోయినది. చొక్కా పట్టీలు విప్పుదామా అంటే, “ఒడ్డు తగిలినాక విప్పుదాం” అన్నది మామ్మ. సరంగు వెనుదిరిగి చూచి, “అమ్మగారు చెప్పినట్లు చేయండి బాబూ, సగం ప్రాణాలు ఒడ్డు కనబడిన తరువాతనే పోతాయండి” అన్నాడు. ఇన్నేళ్ళు ఆ నీటిమీద బ్రతికినవాని మాట అది.

వానకాలం వచ్చినదంటే మా సీమలో ప్రతి ఇంటా రేడియో దగ్గర ఒకరు కూర్చుంటారు. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం ఎంత అన్నదే ఆనాటి ముఖ్యవార్త. 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండవది, 53 అయితే మూడవది. 1986లో అది 75.6 అడుగులు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు. అక్కడ చెప్పిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒకరోజు పడుతుంది. అక్కడ 11.75, 13.75, 17.75 అడుగుల వద్ద మరల మూడు హెచ్చరికలు. ఆ అంకెలను మేము చిన్ననాటినుండి వింటున్నాము. భద్రాచలానికీ ధవళేశ్వరానికీ మధ్య ఆ ఒక్కరోజులో నీరు ఏమి చేస్తుందో మాత్రం ఊహించి ఎరుగము. ఇప్పుడు ఎరుగుదుము. అది ఆ కొండల నడుమ ఒదిగి, నిలువున లేచి, ఆ మలుపులు తిరిగి మా గుమ్మానికి వస్తున్నది.

కనుక పాపికొండలకు పోదలచినవారికి మా మనవి ఇది. తప్పక పొండి, పిల్లలను తీసికొనిపొండి. నది ఎగువకథ తెలియని లంకవాసి తన తాతముత్తాతల ఊరు చూడనివానితో సమానం. కాని ఆషాఢం మొదలు ఆశ్వయుజం వరకు పోకండి. గాలి లేచిన సాయంకాలం పడవ ఎక్కకండి. లెక్కకు మించి ఎక్కించిన పడవనుండి దిగిరావడానికి సిగ్గుపడకండి. పిల్లల కొలతకు సరిపోయే చొక్కా లేకపోతే ఇసుకలో కూర్చోండి. ఆ గంట వృథా కాదు. మా పిల్లలు ఈనాడు ఆ ప్రయాణం గురించి ఎవరికి చెప్పినా, కొండలకంటె ముందు, మామ్మ లాంచీ దిగివచ్చిన సంగతే చెబుతారు.